జలేశ్వర్ దాటితే చెల్లని కాయితం: మన బస్తీ నుంచి సోషల్ వర్క్ పాఠం

(అంబేడ్కర్ జయంతి సందర్భంగా ఖరగ్‌పూర్ పక్కన సాలువాలో రైల్వే బస్తీల తెలుగు యువకులు ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందు కూర్చున్న అమ్మలకు, మామ్మలకు, రైల్వేలో రిటైరైన పెద్దలకు, వెనకాల నిలబడిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు దండాలు. తెలుగు పూర్తిగా అర్థం కాకపోయినా మన కోసం వచ్చి కూర్చున్న సాలువా నేపాలీ మిత్రులకు కూడా జై భీమ్.

నన్ను పిలిచిన తమ్ముడు ఫోన్లో ఇలా అన్నాడు: "అప్పా, నువ్వు సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తన్నావు కదా, అదేటో మా వోళ్లకి చెప్పాల. మా అమ్మ నువ్వు దుప్పట్లు పంచీ చదువు చదువుతన్నావనుకుంటంది." నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ అమ్మ తప్పేమీ అనుకోలేదనిపించింది. మన బస్తీకి ఎవరు వచ్చినా దుప్పట్లు పంచడానికో, ఫొటోలు తీసుకోడానికో వచ్చారు. ఇంకో రకం మనిషి రాలేదు. కాబట్టి సోషల్ వర్క్ అంటే ఏమిటో, అందులో ఏ సిద్ధాంతాలు ఉన్నాయో, ఏ పద్ధతులు ఉన్నాయో ఈ రోజు చెప్తాను. పుస్తకం చదివినట్టు చెప్పను. మనందరికీ తెలిసిన ఒక కాయితం కథతో చెప్తాను. కులం సర్టిఫికెట్ కథ.

ముందు ఈ చదువు ఎక్కడిదో చూద్దాం. 1869లో లండన్‌లో చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ అని ఒకటి పెట్టారు. డబ్బున్న ఇళ్లవాళ్లు పేదల ఇళ్లకు వెళ్లి, ఎవరికి సాయం చెయ్యాలి, ఎవరికి చెయ్యకూడదు అని తేల్చేవాళ్లు. తాగుతాడా, పని ఎగ్గొడతాడా, ఇల్లు శుభ్రంగా ఉందా, ఇవే ప్రశ్నలు. పేదరికం పేదవాడి నడవడికలో ఉందని వాళ్ల నమ్మకం. ఇది ఒక పాయ. ఇంకో పాయ 1884లో లండన్‌లో టాయిన్‌బీ హాల్‌తో, 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ పెట్టిన హల్ హౌస్‌తో వచ్చింది. వీళ్లు పేదల వాడలోనే కాపురం పెట్టారు. అక్కడే ఉండి చూస్తే తప్పు మనిషిలో కంటే కూలి రేట్లలో, మురికి కాలవల్లో, చట్టాల్లో ఎక్కువగా కనిపించింది.

సోషల్ వర్క్ చరిత్ర అంతా ఈ రెండు పాయల మధ్య తగువే. మార్చాల్సింది మనిషినా, మనిషి చుట్టూ ఉన్నదాన్నా? ఈ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకుంటే చాలు. మిగతా సిద్ధాంతాలన్నీ దీని పిల్లలే.

మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. టాటా వాళ్ల డబ్బుతో, క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ నడిపించగా వచ్చిన ఆ బడే ఈనాటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. అదే 1936లో, అదే బొంబాయిలో ఇంకొకటి కూడా జరిగింది. లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు రద్దు చేసిన ప్రసంగాన్ని బాబాసాహెబ్ తన సొంత డబ్బుతో అచ్చు వేయించారు. అదే 'కుల నిర్మూలన'. ఒకే ఊరు, ఒకే ఏడు. ఒకచోట సమాజ సేవను వృత్తిగా నేర్పడం మొదలుపెట్టారు. ఇంకోచోట ఈ సమాజానికి ఉన్న అసలు జబ్బు ఏమిటో రాసి పెట్టారు. నేను ఎం.ఎస్.డబ్ల్యూ చదివిన రెండేళ్లలో ఈ రెండూ ఒక్క క్లాసులో కూడా కలుసుకోలేదు. నాకు చెప్పినవాళ్లు మంచి టీచర్లే. వాళ్లకూ ఎవరూ చెప్పలేదు.

దానికంటే నాలుగేళ్ల ముందు, 1932 నవంబర్ 14న, మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి ఓడలో వెళ్తూ పోర్ట్ సయీద్ దగ్గర నుంచి బాబాసాహెబ్ ఒక ఉత్తరం రాశారు. అప్పుడే పుట్టిన అస్పృశ్యతా వ్యతిరేక సంఘం కార్యదర్శి ఠక్కర్‌కు రాసిన ఉత్తరం అది. తర్వాత హరిజన్ సేవక్ సంఘ్ అయింది ఆ సంఘమే. ఉత్తరంలో ఆయన చెప్పిన విషయాన్ని నా మాటల్లో చెప్తాను. అణగారిన వర్గాల కోసం పనిచేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి, తప్పు వ్యక్తి నడవడికలో ఉందనుకుని మద్యపాన నిషేధం, వ్యాయామశాల, గ్రంథాలయం లాంటివి పెట్టి వాడిని బాగుచేసే దారి. రెండోది, మనిషి బతుకును అతని పరిసరాలు నిర్ణయిస్తాయని ఒప్పుకుని, ఆ పరిసరాలను మార్చే దారి. రెండోదే సరైనది అన్నారు. బావుల మీద, బడుల మీద హక్కుల కోసం ఊళ్లలో పని జరగాలి, పని అవకాశాల్లో సమానత్వం రావాలి అన్నారు. ఈ పనికి అణగారిన వర్గాల నుంచే కార్యకర్తలను తీసుకోవాలని కూడా అన్నారు, ఎందుకంటే జీతం కోసం చేసేవాడికీ ప్రేమతో చేసేవాడికీ తేడా ఉంటుంది.

ఆ ఉత్తరం ఒక సోషల్ వర్క్ పాఠ్యపుస్తకం. అంతకు ముందు కూడా మనకు గురువులున్నారు. 1848లో పూణేలో బడి తెరిచి, ప్లేగు రోగులకు సేవ చేస్తూనే 1897లో కన్నుమూసిన సావిత్రిబాయి ఉంది. 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టి, 1917లో బెజవాడలో ఆది ఆంధ్ర సభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఉన్నాడు. 1924లో బహిష్కృత హితకారిణి సభ ఉంది. వాళ్ల పేర్ల పక్కన 'సంఘ సంస్కర్త' అని రాస్తారు. 'సోషల్ వర్కర్' అని రాయరు. ఆ మాట మీద మనకూ హక్కు ఉందని చెప్పడానికే నేను ఈ చదువులో ఉన్నాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను.

ఎం.ఎస్.డబ్ల్యూ రోజుల్లో నన్ను ఫీల్డ్ వర్క్‌కి ఒక సంస్థ తరఫున ఒక రైల్వే బస్తీకి పంపారు. అక్కడ పదిహేడేళ్ల కుర్రాడు. పేరు చెప్పను, బస్తీ పేరు చెప్పను, ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. గోప్యత మా వృత్తిలో మొదటి మర్యాద. ఆ కుర్రాడు పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసై, తర్వాత కాలేజీలో చేరకుండా ఇంట్లో కూర్చున్నాడు. నా పని అతనితో కేస్‌వర్క్ చెయ్యడం.

కేస్‌వర్క్ అంటే ఒక మనిషితో, ఒక కుటుంబంతో విడిగా పనిచేసే పద్ధతి. 1917లో మేరీ రిచ్‌మండ్ 'సోషల్ డయాగ్నసిస్' రాసి దీనికి ఒక శాస్త్రం రూపం ఇచ్చింది. డాక్టరు రోగాన్ని కనిపెట్టినట్టు, ఆధారాలు సేకరించి సమస్యను గుర్తించాలంది. 1957లో హెలెన్ పెర్ల్‌మన్ దీన్ని నాలుగు ముక్కల్లో చెప్పింది: మనిషి, సమస్య, సాయం దొరికే చోటు, పని జరిగే తీరు. అదే ఏడు ఫెలిక్స్ బీస్టెక్ ఏడు సూత్రాలు రాశాడు. ప్రతి మనిషినీ విడి మనిషిగా చూడు, మనసులో మాట చెప్పుకోనియ్యి, నీ భావోద్వేగాన్ని అదుపులో పెట్టుకుని స్పందించు, ఉన్నవాణ్ని ఉన్నట్టు ఒప్పుకో, తీర్పులు చెప్పకు, నిర్ణయం వాడినే చేసుకోనియ్యి, రహస్యం కాపాడు. చాలా మంచి సూత్రాలు. నాకు అన్నీ కంఠతా వచ్చు.

ఐదు వారాలు వెళ్లాను. నా రికార్డులో ఏం రాశానంటే: ప్రేరణ లోపం, తండ్రికి తాగుడు అలవాటు, కౌన్సెలింగ్ అవసరం. సూపర్‌వైజర్ సంతకం పెట్టి 'బాగుంది' అని రాశారు.

ఆరో వారం వాళ్ల మామ్మ నన్ను కూర్చోబెట్టి, మంచం కింద నుంచి రేకు పెట్టె లాగింది. అందులోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాయితాలు తీసింది. తాత సర్వీసు బుక్కు నకలు. అందులో కులం దగ్గర 'రెల్లి' అని ఉంది. "ఇది సూపిస్తే ఇవ్వలేదమ్మా. మూడుసార్లు ఎల్లాడు గుంటడు. మీ ఊరు ఎల్లి తెచ్చుకోమన్నారు. మా ఊరు ఏ ఊరమ్మా? ఈడు పుట్టింది ఇక్కడే, ఈడి బాబు పుట్టింది ఇక్కడే" అంది. కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా అన్నాడు: "మేడమ్, నాకు మోటివేషన్ కాదు, సర్టిఫికెట్ కావాలి."

మిత్రులారా, అసలు సిగ్గు ఇక్కడ ఉంది. నాకు ఈ సమస్య తెలియక కాదు. నేనూ రెల్లినే. మా తాత కూడా బి.ఎన్.ఆర్ రోజుల్లో విజయనగరం వైపు నుంచి వచ్చినవాడే. ఆయన చేతికి చీపురు ఇచ్చిందీ, ఆ కొలువుకు పిలిపించిందీ ఆయన కులాన్ని చూసే. అయినా ఐదు వారాలు నేను ఆ ఇంట్లో కులం మాట ఎత్తలేదు. నా ఫారంలో ఆ గడి లేదు కాబట్టి అని చెప్పుకోవచ్చు. నిజం అది కాదు. నేను అడిగితే, నన్నూ అడుగుతారని భయం. ఆ సంస్థలో నా ఇంటిపేరు నుంచి ఎవరూ ఏమీ కనుక్కోలేదు, నేను చెప్పలేదు. నన్ను నేను దాచుకోవడానికి ఆ పిల్లాడికి 'ప్రేరణ లోపం' అని రాశాను.

నాకూ ఆ కుర్రాడికీ తేడా తెలివిలో లేదు. మా నాన్న తన ఉద్యోగ కాలంలో ఒకసారి ఊరెళ్లి, అక్కడి పెద్దలను పట్టుకుని ఆంధ్ర సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఆ ఒక్క కాయితం మా పెట్టెలో ఉంది. వాళ్ల పెట్టెలో లేదు. అందువల్ల నేను ఫెలోషిప్ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. అతను ఇప్పుడు కాంట్రాక్టరు కింద బోగీలు కడుగుతున్నాడు. తాత చేసిన పనే, తాతకున్న పర్మినెంటు మాత్రం లేకుండా.

ఆ కాయితం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చాలామందికి ఆఫీసులో గుమాస్తా తిట్టి పంపించేశాడని మాత్రమే తెలుసు, కారణం తెలీదు. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం షెడ్యూల్డ్ కులాల జాబితా రాష్ట్రానికి ఒకటి. 1950 ఆగస్టు 10న మొదటి జాబితాలు వచ్చాయి. రెల్లి ఆంధ్ర జాబితాలో ఉంది, ఒడిశా జాబితాలో ఉంది. పశ్చిమ బెంగాల్ జాబితాలో లేదు. మాల లేదు, మాదిగ లేదు. మన రైలు విజయనగరంలో బయల్దేరి ఇచ్ఛాపురం దాటినా రెల్లి రెల్లే. బాలేశ్వర్ దాటినా రెల్లే. జలేశ్వర్ దాటి దాంతన్ రాగానే కాయితం మీంచి మన కులం దిగిపోతుంది. మన మీంచి మాత్రం దిగదు.

ఈ సాలువానే చూడండి. ఈస్టర్న్ ఫ్రంటియర్ రైఫిల్స్ కుటుంబాల ఊరు ఇది. 2010 ఫిబ్రవరి 15న శిల్దా క్యాంపు మీద దాడిలో చనిపోయిన 24 మంది జవాన్ల కోసం ఈ వీధులు ఏడ్చాయి. నాతో చదువుకున్న స్నేహితురాలు ఒకతి ఈ ఊరి అమ్మాయి, కామి కులం. కామి, దమాయి, సార్కీ, ఈ నేపాలీ దళిత కులాలు బెంగాల్ జాబితాలో ఉన్నాయి. తను సర్టిఫికెట్ తీసుకుంది, చదువుకుంది. మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఒకే అవమానం పడ్డాం. తనకు వచ్చిందని నాకు కడుపుమంట లేదు. తన కాయితం నాకు చెప్పింది ఒకటే: భాష వేరైనా, మూలాలు ఎక్కడున్నా, బెంగాల్ ఒక కులాన్ని గుర్తించగలదు. మన విషయంలో గుర్తించలేదు, అంతే.

2020 డిసెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. మనం మిఠాయిలు పంచుకున్నాం. మంచిదే. భాషను గుర్తించారు. ఆ భాష మాట్లాడేవాళ్లలో ఊడ్చేవాళ్లెవరో ఇంకా గుర్తించలేదు.

కోర్టుకు వెళ్తే? వెళ్లారు. మర్రి చంద్రశేఖరరావు అనే మన తెలుగు విద్యార్థి తొమ్మిదేళ్ల వయసులో తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వెళ్లాడు. ఆంధ్రలో వాళ్లది షెడ్యూల్డ్ తెగ. అక్కడ మెడికల్ కాలేజీలో రిజర్వేషన్ సీటు ఇవ్వలేదు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, జాబితా 'ఆ రాష్ట్రానికి సంబంధించి' మాత్రమే చెల్లుతుంది, వలస వెళ్లినవాడు దాన్ని వెంట తీసుకుపోలేడు అంది. 2018లో బీర్ సింగ్ కేసులో ఇంకో రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే మాట నిలబెట్టింది. ఒక్కో రాష్ట్రంలో వెనుకబాటు ఒక్కోలా ఉంటుందన్నది దీని వెనకున్న తర్కం. తర్కంగా వినడానికి బాగుంది. కానీ కులాన్ని చూసి పనిలోకి తెచ్చి, కులం పనే చేయించి, కులం వాడలోనే ఉంచి, కాయితం దగ్గరకొచ్చేసరికి 'ఇక్కడ మీకు కులం లేదు' అంటే, ఆ తర్కం మన బస్తీలో నిలబడుతుందా?

ఇప్పుడు సిద్ధాంతానికి వద్దాం. 1973లో పింకస్, మినాహన్ అనే ఇద్దరు వ్యవస్థల సిద్ధాంతాన్ని సోషల్ వర్క్‌లోకి తెచ్చి ఒక సులువైన తేడా చెప్పారు. ఎవరి కోసం పనిచేస్తున్నామో వాళ్లు క్లయింటు. దేన్ని మార్చాలో అది టార్గెట్. రెండూ ఒకటే కానక్కర్లేదు. నా తప్పు అంతా ఇక్కడే. ఆ కుర్రాడు నా క్లయింటు. నేను అతన్నే టార్గెట్ చేశాను. మార్చాల్సింది జాబితాని, ఆఫీసు పద్ధతిని. నేను మార్చబోయింది పిల్లాడి మనసుని.

1976లో బార్బరా సాలమన్ అనే నల్లజాతి మహిళ 'బ్లాక్ ఎంపవర్‌మెంట్' రాసింది. ఒక సమూహాన్ని తరతరాలుగా తక్కువగా చూస్తే, ఆ చూపు మనిషి లోపలికి దిగి, నా వల్ల కాదు అనే స్థితి వస్తుంది. దాన్ని సోమరితనం అనుకోకూడదు, అది అధికారం లేకపోవడం అంది. మనం 'సాధికారత' అని వాడి వాడి అరగదీసిన మాట అసలు అర్థం ఇది. మూడుసార్లు వెనక్కి పంపితే నాలుగోసారి వెళ్లకుండా ఇంట్లో కూర్చోవడాన్ని ప్రేరణ లోపం అంటారా? ఆ కుర్రాడు లెక్క సరిగ్గానే వేశాడు. తలుపు మూసి ఉందని గుర్తించాడు.

మరి ఏం చెయ్యాలి? మా చదువులో ఆరు పద్ధతులు ఉన్నాయి. వాటిని మన కాయితం మీద పెట్టి చూపిస్తాను. ఇది ఈ రోజు నేను మీకు అప్పజెప్పాలనుకున్న పని కూడా.

మొదటిది కేస్‌వర్క్. ఒక్కో ఇంటికి వెళ్లి రేకు పెట్టె తెరిపించడం. తాత సర్వీసు బుక్కు, స్కూలు టీసీ, ఊరి పేరు, అక్కడ మిగిలిన చుట్టాలు. కేంద్ర హోం శాఖ 1985 ఫిబ్రవరి 22న రాష్ట్రాలకు రాసిన ఉత్తరం ఒకటుంది. తండ్రికో తల్లికో సొంత రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటే, వలస వచ్చిన చోటే పిల్లలకు సర్టిఫికెట్ ఇవ్వవచ్చని అందులో ఉంది. పిల్లలు సొంత రాష్ట్రం ఎస్సీగానే లెక్కకు వస్తారు. బెంగాల్ ప్రభుత్వ రిజర్వేషన్లకు అది పనికిరాదు. కేంద్ర ఉద్యోగాలకు, కేంద్ర విద్యాసంస్థలకు పనికొస్తుంది. రైల్వే కేంద్రానిదే, మన పక్కనున్న ఐఐటీ కేంద్రానిదే. కాబట్టి ఎవరి నాన్న పెట్టెలో అలాంటి కాయితం ఉందో, వాళ్ల పిల్లలు ఇవాళే దరఖాస్తు పెట్టాలి. ఇక్కడ బీస్టెక్ చెప్పిన మర్యాదలు మర్చిపోవద్దు. ఎవరి కులం ఏమిటో, ఎవరు చర్చికి వెళ్తారో బయట మాట్లాడొద్దు. 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్లిన దళితులకు ఎస్సీ హోదా లేదు. మనలో చాలా ఇళ్లకు అదో గాయం. ఆ ఇళ్ల దగ్గర తీర్పులు చెప్పకండి.

రెండోది గ్రూప్‌వర్క్. ఒక్కడే వెళ్తే గుమాస్తా కసురుతాడు. పదిమంది వారం వారం కూర్చుని ఫారాలు కలిసి నింపితే, ఒకరి అనుభవం ఇంకొకరికి పాఠం అవుతుంది. ఆదివారం రెండు గంటలు చాలు. టెన్త్ చదివే పిల్లలు, వాళ్ల మామ్మలు కలిసి కూర్చోవాలి. పిల్లలకు చదవడం వచ్చు, మామ్మలకు ఊరి పేరు గుర్తుంది.

మూడోది కమ్యూనిటీ ఆర్గనైజేషన్, సమూహాన్ని కూడగట్టడం. 1968లో జాక్ రోత్‌మన్ ఇందులో మూడు నమూనాలు చెప్పాడు. అందరూ కలిసి తమ వాడను బాగుచేసుకోవడం ఒకటి. నిపుణులు లెక్కలు తీసి పథకం వెయ్యడం రెండు. హక్కు కోసం అధికారాన్ని నిలదీయడం మూడు. మన బస్తీల్లో మొదటిది బాగా వచ్చు. మాత పూజకు ఇంటింటికీ చందా వసూలు చేసి, ఊరేగింపు నడిపి, వేలమందికి అన్నం పెట్టగల మనకు సంఘటన శక్తి లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆ శక్తిలో ఒక పాలు కాయితం వైపు తిప్పాలి.

నాలుగోది పరిశోధన. ఇది నా వంతు. ఏ రాష్ట్ర జాబితాలోనైనా కొత్త కులం చేరాలంటే రాష్ట్ర ప్రభుత్వం సిఫారసు చెయ్యాలి, రిజిస్ట్రార్ జనరల్, జాతీయ ఎస్సీ కమిషన్ ఒప్పుకోవాలి, తర్వాత పార్లమెంటు చట్టం చెయ్యాలి. సిఫారసు అడగాలంటే ఆధారం కావాలి. ఎన్ని ఇళ్లు, ఏ కులం, ఎప్పుడు వచ్చారు, ఏ పనిలో పెట్టారు, ఏ తరం ఎంత చదివింది, అంటరానితనం ఇక్కడ ఏ రూపంలో ఉంది. ఈ లెక్క ఇంటింటికీ తిరిగి మనమే తియ్యాలి. పాలో ఫ్రెయిరీ చెప్పినట్టు జనం తమ బతుకును తామే చదివి, తామే పేరు పెట్టుకోవాలి. నేను ప్రశ్నపత్రం తెస్తాను. కానీ ప్రశ్నలు మీతో కూర్చునే రాస్తాను.

ఐదోది సోషల్ వెల్ఫేర్ అడ్మినిస్ట్రేషన్. పేరు పెద్దది, పని చిన్నది. ఒక రిజిస్టరు, ఒక ఫైలు, ప్రతి దరఖాస్తుకు రసీదు, తేదీ. తిరస్కరిస్తే కారణం రాసి ఇమ్మని అడగడం. నోటిమాటగా పొమ్మంటే అప్పీలుకు ఆధారం ఉండదు. కారణం రాయించుకున్న రోజున ఆ కాయితమే మనకు ఆయుధం.

ఆరోది సోషల్ యాక్షన్. దీనికి మనం ఎవరినీ అరువు తెచ్చుకోనక్కర్లేదు. 1927లో మహాడ్ చెరువు దగ్గర బాబాసాహెబ్ చేసింది ఇదే. అదే ఏడు ఈ ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో మన తాతలు సమ్మె చేశారు, వాళ్లను కూడగట్టిన వి.వి.గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. మనలాగే వలస వెళ్లిన పాకీ కుటుంబంలో కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన బెజవాడ విల్సన్ ఉన్నాడు. సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్లు మరుగుదొడ్లు లెక్కపెట్టారు, ఫొటోలు తీశారు, మనుషుల మాటలు రాయించారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. పట్టాల మీద ఈ పని ఆపడానికి గడువుతో కూడిన ప్రణాళిక వెయ్యాలని రైల్వేకి కూడా అందులో చెప్పారు. చూడండి, అందులో కేస్‌వర్క్ ఉంది, లెక్క ఉంది, కూడగట్టడం ఉంది, పోరాటం ఉంది. ఆరు పద్ధతులు ఆరు గదులు కావు. ఒకే ఇంటికి ఆరు తలుపులు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఇది జరిగితే అన్నీ అయిపోతాయని నేను అబద్ధం చెప్పను. పార్లమెంటు దాకా వెళ్లే దారి పొడుగు. ఇక్కడున్న కొందరు పిల్లలకు వయసు దాటిపోతుంది. కాయితం వచ్చినా కాంట్రాక్టు పోదు, పర్మినెంటు ఉద్యోగం రాదు. ఇవన్నీ తెలిసే అడుగుతున్నాను. ఆ కుర్రాడి విషయంలో నేను ఆలస్యం చేశాను. అతన్ని మళ్లీ కలిశాను. క్షమాపణ చెప్పాను. నా రికార్డులో రాసింది చదివి వినిపించాను. నవ్వాడు. "మరి ఇప్పుడేటి రాస్తారు?" అన్నాడు. నా థీసిస్ ఆ ప్రశ్నకు జవాబుగానే రాస్తున్నాను. అతను ఇప్పుడు దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాడు. ఈ ఆదివారం నుంచి ఫారాలు నింపడానికి వస్తానన్నాడు. అణగారినవాళ్ల నుంచే కార్యకర్తలు రావాలని 1932లో ఓడలో కూర్చుని బాబాసాహెబ్ రాసిన మాటకు మన బస్తీలో మొదటి సంతకం అతనిదే.

నా ఫీల్డ్ వర్క్ ఫారంలో కులానికి గడి లేదని చెప్పాను కదా. ఇప్పుడు నేను ఏ ఇంటికి వెళ్లినా ముందు నా గురించి చెప్తాను. నేను ఫలానా వాళ్ల మనవరాలిని, రెల్లి పిల్లని, మీ కాయితం కోసం వచ్చానని. అప్పుడు మంచం కింద పెట్టె వాళ్లే లాగుతున్నారు.

మీటింగ్ అయ్యాక ఎవరూ వెంటనే వెళ్లిపోవద్దు. అక్కడ బల్ల మీద రిజిస్టరు పెట్టాం. ఇంటి పెద్ద పేరు, సొంత ఊరి పేరు, పెట్టెలో ఉన్న కాయితాల పేర్లు రాయించండి. ఊరి పేరు గుర్తులేకపోతే మామ్మను అడిగి రండి. మామ్మలు ఉన్నప్పుడే అడగండి.

జై భీమ్. జై సావిత్రి.